అనకాపల్లి ఏడు, చీరాల చీరాల

లక్ష్మణరావుగారికి కళ్ళు నిక్షేపంగా కనిపిస్తాయి. తెలుగు, ఇంగ్లీషు, జర్మన్ మూడూ గడగడా చదవగలరు. అయినా సరే, ఈ ప్రపంచంలో రాసి ఉన్న ఏ అక్షరాన్నయినా ఎదుటివాళ్ళ చేత పైకి చదివించుకుని చెవులారా వింటే తప్ప నమ్మరు. అదీ ఆయన జబ్బు. మందు లేదు.

"ఏవుందక్కడ? చదువు" అంటారు. చదువుతాం. "నువ్వనుకున్నది కాదు నాయనా, అక్కడున్నది చదువు" అంటారు. మళ్ళీ చదువుతాం. ఈ రెండు మాటలతోనే ఆయన జర్మనీలో ఇరవై నాలుగేళ్ళు ఉద్యోగం చేసుకొచ్చారు.

మాది బ్యోబ్లింగెన్‌లో ఒక చిన్న కంపెనీ. చుట్టుపక్కల కార్లకు సీట్లూ స్క్రూలూ గొట్టాలూ తయారుచేసే ఫ్యాక్టరీల సర్వర్లు పడిపోకుండా చూడటం, పడిపోతే లేపడం మా పని. రావుగారు బాపట్ల మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, మా అందరికీ పెద్ద. నా పేరు రవికిరణ్, మాది వరంగల్, ఆరేళ్ళుగా ఆయన పక్క టేబుల్. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆయనకు అసలు రాదు. అందుకని ఆయన వాటా కోపం కూడా నేనే పడుతుంటాను.

ఒకసారి ఆఫీసులో అగ్నిప్రమాదం రిహార్సల్ పెట్టారు. సైరన్ మోగింది. జనమంతా మెట్ల మీదుగా పరుగు. నేనూ లేచాను. రావుగారు తలుపు దగ్గర ఆగిపోయారు.

"రవీ, ఈ కాగితం మీద ఏవుంది?"

"మంట లేస్తే ఏం చెయ్యాల్నో రాసుంది సార్. ముందు నడువుండ్రి."

"అలా కాదు. చదువు."

చదివాను. మొదటి లైను "శాంతంగా ఉండండి" అని. అది అప్పటికే నా వల్ల కాలేదు. మొత్తం పదకొండు లైన్లు, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రింటింగ్ ప్రెస్ పేరుతో సహా చదివించారు. మేము కిందికి దిగేసరికి జనం లిఫ్టులో పైకి వెళ్తున్నారు. హాజరు వేసుకునే ఆవిడ రిపోర్టులో మా ఇద్దరినీ మంటల్లో పోయినట్టు రాసేసింది. "చూశావా, బిల్డింగు వెనక పార్కింగులో చేరాలని కాగితంలో ఉంది. అందరూ ముందువైపు నిలబడ్డారు" అన్నారు రావుగారు, పోయిన మనిషికి ఉండకూడనంత సంతోషంగా.

ఈ జబ్బు ఆఫీసుతో ఆగేది కాదని ఆయన భార్య సుమిత్రగారిని అడిగితే తెలుస్తుంది. అడక్కపోయినా చెబుతారు. ఆదివారం భోజనానికి పిలిచినప్పుడల్లా పప్పు వడ్డిస్తూ మొదలుపెడతారు.

"పెళ్ళిచూపుల్లో ఎవరైనా పాట పాడమంటారు బాబూ. ఈయన నా చేతికి పంచాంగం ఇచ్చి చదవమన్నారు. చదివాను. వర్జ్యం వదిలేశావు, మళ్ళీ చదువు అన్నారు. మా నాన్నేమో పిల్లాడికి శాస్త్రం మీద గురి ఉందని మురిసిపోయాడు."

"ఇప్పటికీ అంతేనా అమ్మా?"

"మొన్న వాషింగ్ మెషీన్ ఆగిపోయింది. ఆయన హాల్లోనే ఉన్నారు, నాలుగంగల దూరం. వచ్చి చూడొచ్చుగా? 'తెర మీద ఏవుంది, చదువు' అని అక్కణ్ణించే కేకేశారు. ఈ, పద్ధెనిమిది అన్నాను. 'ఏలూరు పద్ధెనిమిది. కింద ఫిల్టరు కడుగు' అన్నారు. కడిగితే తిరిగింది. తిరక్కపోయి ఉంటే బాగుండేదనిపించింది నాకు."

ఆ ఏలూరు సంగతి చెప్పాలి. మా పనిలో నెట్‌వర్క్ కార్డులని ఉంటాయి. సర్వర్‌ను బయటి లోకంతో కలిపేది ఆ కార్డే. ప్రతి కార్డుకూ పుట్టుకతో పన్నెండు అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. అందులో అంకెలతోపాటు ఇంగ్లీషు ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలు కూడా వస్తాయి. ఫోనులో చెబితే బీ, డీ, ఈ అన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి కాబట్టి జర్మన్లు ఏకి ఆంటోన్, బీకి బెర్టా అని మనుషుల పేర్లు పెట్టుకుని చదువుతారు. రావుగారికి ఇది నచ్చలేదు. ముక్కూ మొహం తెలియని ఆంటోన్ మనకెందుకని ఊళ్ళు పెట్టారు. ఏకి అనకాపల్లి, బీకి బాపట్ల, సీకి చీరాల, డీకి దెందులూరు, ఈకి ఏలూరు. ఎఫ్ దగ్గర బండి ఆగిపోయింది. మూడు రోజులు ఆంధ్రదేశమంతా వెతికి, చివరికి ఓడిపోయి ఫ్రాంక్‌ఫర్ట్ అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "సార్, ఆరు ఊళ్ళల్ల ఒక్కటి గూడ తెలంగాణది లేదు. దెందులూరు తీసి డోర్నకల్ పెట్టుండ్రి."

"ఇప్పుడు ఊళ్ళు మారిస్తే నెట్‌వర్క్ పడిపోద్ది రవీ."

ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. మా మేనేజర్ ఫ్రౌ నేగెలే, అంటే నేగెలేగారు, ఈ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన మనిషి, నవ్వడానికి కూడా ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకోవాలి. ఆవిడ కూడా ఫోనులో కస్టమర్‌తో "షీరాలా, షీరాలా, ఫ్రాంక్‌ఫుర్ట్" అంటుంటే నేను చెవులారా విన్నాను. చీరాల ఎక్కడుందో ఆవిడకు తెలియదు. ఏదో పెద్ద సిటీ అనుకుంటున్నట్టుంది.

ఇలా ఉండగా గీతిక వచ్చింది. నిజామాబాద్ పిల్ల, జర్మనీలోనే డెగ్గెన్‌డార్ఫ్‌లో చదువుకుని మా దగ్గర చేరింది. తెలివి దండిగా ఉంది. చేతులు మాత్రం కళ్ళకంటే ముందు నడుస్తాయి. చేరిన మూడో నెలలో ఒక సర్వర్ బదులు ఇంకో సర్వర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేసింది. అది ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌ది. నూట నలభై మంది మనుషులు ప్లేట్లు పట్టుకుని, తమ మధ్యాహ్నం కూర కుక్కిన మావుల్టాషెన్ బిళ్ళలు ఏమైపోయాయో తెలియక నిలబడ్డారు. ఈ ప్రాంతంలో అది చిన్న నేరం కాదు.

ఫ్రౌ నేగెలే ఆ రోజు గీతికను గదిలోకి పిలిచి ఒక్కటే మాట చెప్పింది. "ఒకసారి అయితే నేర్చుకోవడం అంటాను. రెండోసారి అయితే ఆ మాట అనలేను."

ఇక్కడ కొత్త ఉద్యోగానికి ఆరు నెలల ప్రోబెట్సైట్ ఉంటుంది. ఆ పరీక్షాకాలంలో కారణం చెప్పకుండానే రెండు వారాల గడువుతో ఇంటికి పంపొచ్చు. గీతికది బ్లూ కార్డు వీసా. ఉద్యోగం పోతే మూడు నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేకపోతే సూట్‌కేసు సర్దుకోవాలి. ఆమె ఆరు నెలల సంగతి తేల్చే మీటింగు ఒక శుక్రవారానికి పెట్టారు. నేను చెప్పబోయేది సరిగ్గా ఆ వారం బుధవారం జరిగింది.

కార్ల సీట్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ గోదాముకు కొత్త సర్వర్ ఇవ్వాలి. గీతిక మంగళవారం దాన్ని సిద్ధం చేసి, పాతదాని పక్కనే మా సర్వర్ గదిలో పెట్టింది. వారం రోజులు రెండూ పక్కపక్కనే నడవాలి. బుధవారం ఎనిమిదిన్నరకు గోదాము నుంచి ఫోను. సీట్ల మీద బార్‌కోడ్ చదివే స్కానర్లు ఒక నిమిషం పనిచేస్తున్నాయి, ఒక నిమిషం చస్తున్నాయి. పన్నెండింటికి ట్రక్కులు వస్తాయి. స్కానర్ లేకపోతే ఒక్క సీటు కూడా ట్రక్కు ఎక్కదు.

"ఏం మార్చినవ్ గీతికా?" అని అడిగాను.

"ఏం మార్చలే అన్నా. పాత సర్వర్ సెట్టింగ్స్ ఫైలే కాపీ చేసి, ఐపీ అడ్రస్ మార్చిన. అంతే. నాలుగుసార్లు చెక్ చేసిన, అన్నీ కరెక్టే ఉన్నయి." "అన్నా, ఎల్లుండి నా మీటింగ్."

"తెలుసు."

"మా డాడీకి ఏం చెప్పాలె అన్నా? మొన్ననే ఊరందరికీ చెప్పుకున్నడు."

నేను కూడా చూశాను. సర్వర్‌కు మనం ఇచ్చే అడ్రస్ సరిగ్గా ఉంది. దాని వెంట ఉండే మాస్కు, గేట్‌వే అంకెలు కూడా సరిగ్గా ఉన్నాయి. కేబుల్ మార్చాను. సర్వర్ల తీగలన్నీ కలిసే స్విచ్ పెట్టెలో వేరే రంధ్రంలో గుచ్చాను. సర్వర్ ఒక నిమిషం పలికేది, తర్వాత మాయమయ్యేది. ఫ్రౌ నేగెలే వచ్చి చేతులు కట్టుకుని మా వెనక నిలబడింది. వీపు మీద ఆవిడ చూపు తగులుతుంటే నాకు సొంత పాస్‌వర్డ్ కూడా గుర్తురాలేదు.

తొమ్మిదింటికి రావుగారు దిగారు. సంగతంతా విన్నారు. "ఉండండి, సర్వర్ గదిలో నా స్వెట్టర్ ఉండిపోయింది" అని లోపలికెళ్ళి ఐదు నిమిషాల్లో తిరిగొచ్చారు. స్వెట్టర్ లేదు. కాఫీ కలుపుకున్నారు. కుర్చీ లాక్కుని గీతిక పక్కన కూచున్నారు.

"ఆ, చదవమ్మా."

నాకు నషాళానికి అంటింది. "సార్, మీరే ఒక్కసారి చూస్తే అయిపోతది కద! అవతల టైమ్ లేదు!"

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను రవీ."

కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది. నేను చూశాను, గీతిక చూసింది, ఫ్రౌ నేగెలే చూసింది. ఆయన తల కూడా కదిలించలేదు.

"హెర్ రావు, పన్నెండింటికి ట్రక్కులు వస్తాయి" అంది ఫ్రౌ నేగెలే జర్మన్‌లో.

"వస్తాయి. ఇప్పుడు టైమెంత? గోడ గడియారం చదవండి."

ఆవిడ పళ్ళు బిగించి చదివింది. "తొమ్మిదీ పద్నాలుగు."

"సరిపోద్ది." గీతికవైపు తిరిగారు. "మొదటి రెండు లైన్లు వదిలెయ్యమ్మా. మూడో లైను నుంచి చదువు."

నేను ఆశ్చర్యపోయాను. ప్రింటింగ్ ప్రెస్ పేరు కూడా వదలని మనిషి రెండు లైన్లు వదిలెయ్యమంటున్నారు! వయసు మీద పడుతోందనుకున్నాను.

గీతిక చదవడం మొదలుపెట్టింది. "అడ్రస్ పది, ఇరవై, ఏడు, నలభై మూడు. మాస్క్ కరెక్టే ఉంది సార్..."

"కరెక్టే ఉందని అక్కడ రాసుందా?"

"లేదు సార్."

"మరి? నువ్వనుకున్నది కాదు, అక్కడున్నది చదువు."

చదివింది. ఒక్కో అంకె, ఒక్కో చుక్క. చుక్కను చుక్క అని చదవాలి, లేకపోతే వెనక్కి పంపేవారు. ఖాళీ ఉంటే ఖాళీ అని చదవాలి. గోదాము నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. రెండుసార్లూ నేనే మాట్లాడాను, అంటే నేనే తిట్లు తిన్నాను. ఫ్రౌ నేగెలే గడియారాన్ని ఎవరూ అడక్కుండానే చదువుకుంటోంది. రావుగారు మాత్రం ఆకాశవాణిలో కచేరీ వింటున్నవాడిలా కళ్ళు మూసుకుని తలాడిస్తున్నారు.

చివరికి కార్డు నంబరు దగ్గరికి వచ్చింది.

"సున్నా రెండు. అనకాపల్లి ఏడు. చీరాల చీరాల. నాలుగు ఫ్రాంక్‌ఫర్ట్. ఒకటి దెందులూరు. తొమ్మిది ఏలూరు."

"బాగుంది. ఇంకోసారి."

ఇంకోసారి చదివింది.

"ఇంకోసారి. రాగం లాగకుండా."

మూడోసారి చదివేసరికి నాకే నోటికొచ్చేసింది. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగితే చెబుతాను.

"ఇప్పుడు పాత సర్వర్ తెరువు."

"పాతది మంచిగనే నడుస్తుంది కద సార్, ఇన్నేళ్ళ సంది."

"నడుస్తుందని నువ్వనుకున్నావు. ఏవుందో చదువు."

గీతిక పాత సర్వర్ ఫైలు తెరిచి, మూడో లైను నుంచి మొదలుపెట్టింది. అడ్రస్ వేరు. మాస్కు అదే. గేట్‌వే అదే. కార్డు నంబరు వచ్చింది.

"సున్నా రెండు. అనకాపల్లి ఏడు. చీరాల చీరాల. నాలుగు..."

ఆగిపోయింది. కళ్ళు నాలుగుసార్లు చూసి కూడా దాటేసిన దాన్ని చెవి పట్టుకుంది.

"సార్... ఈ బస్సు ఇందాకనే పోయింది సార్."

"ఏ బస్సు?" అన్నారు రావుగారు అమాయకంగా.

"ఇదే నంబర్ సార్! కొత్త సర్వర్‌కు, పాత సర్వర్‌కు ఒకటే కార్డు నంబర్ ఉంది! ఈ లైను పాత ఫైల్లో చేత్తో రాసుంది. నేను కాపీ చేసిన కద, లైను గూడ కొత్తదాంట్లకు వచ్చేసింది!" అని జర్మన్‌లోకి తిరిగి ఫ్రౌ నేగెలేకు కూడా గబగబా చెప్పింది. ఒక్క కాపీ సంగతి తప్ప.

విషయం ఇంతే. ఒకే వీధిలో రెండిళ్ళకు ఒకే నంబరు ఉంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? ఒకసారి ఈ ఇంట్లో వేస్తాడు, ఒకసారి ఆ ఇంట్లో వేస్తాడు. మా స్విచ్ కూడా పొద్దుటి నుంచి అదే చేస్తోంది. గీతిక కొత్త సర్వర్‌లో ఆ లైను తీసేసింది. కార్డును ఆపి మళ్ళీ లేపింది. కార్డు తన పుట్టినప్పటి నంబరుతో లేచింది. ఐదు నిమిషాలు చూశాం, పది నిమిషాలు చూశాం, సర్వర్ కదల్లేదు. గోదాముకు ఫోను చేస్తే స్కానర్లన్నీ కూస్తున్నాయన్నారు. టైము పదీ ఇరవై.

నాకు గంతులెయ్యాలనిపించింది. అప్పుడే ఫ్రౌ నేగెలే నోరు తెరిచింది.

"మంచిది. ఇప్పుడు చెప్పండి. ఆ లైను అక్కడ ఎవరు పెట్టారు?"

మా దగ్గర ఏ సెట్టింగుల ఫైలుకైనా పైన రెండు లైన్లు ఉంటాయి. మొదటి లైనులో ఫైలును మొదట తయారుచేసిన వాళ్ళ పేరు, సంవత్సరం. రెండో లైనులో దాన్ని ఆ సర్వర్‌లోకి తెచ్చిపెట్టిన వాళ్ళ పేరు, తేదీ. ఇవి ఎవరూ రాయరు, వాటంతట అవే పడతాయి. కొత్త సర్వర్ ఫైలు తెర మీద తెరిచే ఉంది. గీతిక లేచి నిలబడింది.

"ఫ్రౌ నేగెలే, నేను..."

"కూచోమ్మా" అన్నారు రావుగారు తెలుగులో. తర్వాత జర్మన్‌లో, "ఎవరో ఒకరు చెప్పడం దేనికి? ఫైలు పైన ఏముందో చదవండి ఫ్రౌ నేగెలే. పైకి."

ఆవిడ ముందుకు వంగింది. సరిగ్గా అప్పుడు రావుగారి కుడి అరచెయ్యి వెళ్ళి తెర మీద వాలింది. తెర మీద వేలు పెడితే మమ్మల్ని చంపినంత పని చేసే మనిషి, జేబులో తుడిచే గుడ్డ పెట్టుకు తిరిగే మనిషి, అరచెయ్యి మొత్తం ఆనించేశారు. సరిగ్గా రెండో లైను మీద.

"తయారుచేసినది, ఎల్. రావు, రెండు వేల పద్నాలుగు" అని చదివింది ఆవిడ.

"అదీ. నేనే. అప్పట్లో పాత సర్వర్‌లో కార్డు చచ్చిపోయింది. కొత్త కార్డు వేస్తే ఆ సర్వర్‌లోని ఒక ప్రోగ్రాం నంబరు మారిందని మొరాయించింది. అందుకని చచ్చినదాని నంబరు చేత్తో రాశాను. ఎందుకు రాశానో పక్కన ఒక్క ముక్క రాయలేదు. నా తప్పే."

"కింద ఇంకో లైను ఉన్నట్టుంది హెర్ రావు."

"ఖాళీ లైను."

"మీ చెయ్యి తీస్తే చూస్తాను."

"తియ్యలేనండీ. భుజం పట్టేసింది."

ఇరవై నాలుగేళ్ళుగా జర్మనీని చుక్కతో సహా చదివించిన మనిషి, ఒక్క లైను చదవనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూచున్నారు. ఫ్రౌ నేగెలే ఆ చెయ్యి వంక చూసింది. ఆయన నెత్తి మీది కళ్ళజోడు వంక చూసింది. గీతిక వంక చూసింది. గోడ గడియారం ఒక నిమిషం ముందుకెళ్ళింది.

"భుజానికి డాక్టర్ దగ్గర టెర్మిన్ తీసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

రిపోర్టు మధ్యాహ్నానికి వచ్చింది. లోపానికి కారణం, రావుగారి పాత ఫైలు. లోపాన్ని కనిపెట్టి సరిచేసింది, గీతిక. తీసుకోవలసిన చర్య, సెట్టింగుల ఫైళ్ళు సరిగ్గా రాయడం ఎలా అనే రెండు రోజుల శిక్షణకు హెర్ రావును డార్మ్‌స్టాట్ పంపడం. అది కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ పిల్లలకు పెట్టే క్లాసు. రావుగారి సర్వీసంత వయసు కూడా లేని పిల్లల మధ్య ఆయన బెంచీ మీద కూచోవాలి. నేను ఆ ముక్క చదివి మండిపడుతుంటే ఆయన నన్ను ఆపి, "మెల్లగా, మళ్ళీ మొదట్నించి చదువు" అన్నారు.

ఆ సాయంత్రం పాత సర్వర్ దగ్గర పని ఉండి గదిలోకి వెళ్ళాను. దాని పక్క రేకు మీద పసుపు కాగితం ఒకటి అంటించి ఉంది. రావుగారి దస్తూరి. అనకాపల్లి ఏడు, చీరాల చీరాల నంబరు ఒకదాని కింద ఒకటి రెండుసార్లు రాసి, రెండిటినీ కలిపి సున్నా చుట్టి ఉంది. పక్కన టైము తొమ్మిదీ ఐదు.

నేను కాగితం పీకి పట్టుకొచ్చి ఆయన టేబుల్ మీద కొట్టాను.

"సార్, ఏంది ఇది? స్వెట్టర్ కోసం పోయినప్పుడే దొరికిందా మీకు?"

"మెల్లగా మాట్లాడు."

"ఐదు నిమిషాలల్ల దొరికినదానికి గంటసేపు చదివిచ్చిండ్రా? నేను గోదామోడితోని తిట్లు తిన్న! ఆ పిల్ల ఏడ్చుడొక్కటే తక్కువ!"

"పన్నెండు దాకా టైముంది కదా రవీ. పదకొండున్నరకి కూడా ఆ అమ్మాయికి వినపడకపోతే నేనే చెప్పేసేవాణ్ణి."

"ముందే చెప్తే ఏమయితుండె?"

రావుగారు కళ్ళజోడు నెత్తి మీంచి తీసి, తుడిచి, మళ్ళీ నెత్తి మీదే పెట్టుకున్నారు.

"నేను చెబితే నేను కనుక్కున్నట్టు. ఆ అమ్మాయి పాడు చేసినట్టు, నేను బాగు చేసినట్టు. శుక్రవారం ఆ గదిలో కూచుని ఫ్రౌ నేగెలే దేని గురించి మాట్లాడాలి మరి? ఆవిడ కళ్ళెదురుగా ఆ అమ్మాయి నోటితోనే దొరకాలి. నాకు ఇంకో దారి తోచలేదు."

నాకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. కూచున్నాను. ఇంకో సంగతి గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తలో ఒక మెయిల్ సర్వర్‌ను సాంతం ముంచాను. అప్పటి మేనేజర్ నా తెర చూడటానికి వచ్చినప్పుడల్లా రావుగారు అడ్డంగా వచ్చి నిలబడి నా చేత ఏదో ఒకటి చదివించేవారు. ఆరేళ్ళుగా నేను ఆయన మనిషి లావు, కదలడానికి బద్ధకం అనుకుంటూ వచ్చాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. లావు మాట ఎలాగూ నిజమే.

గీతిక ఊరుకోలేదు. గురువారం తనే వెళ్ళి ఫ్రౌ నేగెలేకు ఫైలు కాపీ చేసింది నేనేనని చెప్పేసింది. "కొత్త సర్వర్‌కు పాత ఫైలు దానంతట అది నడుచుకుంటూ రాదని నాకు తెలుసు" అన్నదట ఆవిడ. అంతే అన్నది. ఆ మాటకు అర్థమేమిటో తెలియక గీతిక ఆ రోజంతా నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు.

శుక్రవారం పదకొండింటికి మీటింగు. పదకొండూ ఇరవైకి గీతిక చేతిలో కవరుతో వచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. రావుగారు లేవలేదు.

"ఏవుందందులో?"

"పర్మనెంట్ అయిన సార్!"

"అలా కాదు. చదువు."

"సార్!" అని నేను నెత్తి కొట్టుకున్నాను.

గీతిక ఉత్తరం విప్పింది. తేదీ చదివింది. తన పేరు, ఇంటి నంబరు, వీధి పేరు చదివింది. కామాలు కూడా చదివింది. పరీక్షాకాలం విజయవంతంగా పూర్తయిందని చదివింది. లోపాలను స్వయంగా కనిపెట్టి ఒత్తిడిలో కూడా నిదానంగా సరిచేయగల సామర్థ్యాన్ని కంపెనీ గుర్తించిందని చదివేటప్పుడు రెండు మాటలు మింగేసింది. దగ్గి, ఆ లైను మళ్ళీ చదివింది. రావుగారు కళ్ళు మూసుకుని వింటున్నారు.

"వినపళ్ళేదు. ఇంకోసారి."

వరండా చివర కాఫీ మెషీన్ దగ్గరున్న వాళ్ళకు కూడా వినపడింది. అయినా చదివింది. మూడోసారి కూడా చదవమన్నారు. ఈలోగా ఆయన సంచీలోంచి స్టీలు డబ్బా తీసి నా చేతికిచ్చారు. సుమిత్రగారి మైసూర్‌పాకులు. ఫలితం తెలియకముందే ఎట్లా చేయించారని అడిగితే, పిండి మిగిలిపోయిందట అన్నారు. ఈ అబద్ధం కూడా భుజం నొప్పి లాంటిదే.

ఫ్రౌ నేగెలే తన గదిలోంచి తల బయటపెట్టింది.

"హెర్ రావు, ఉత్తరంలో తప్పేమైనా ఉందా?"

"లేదు ఫ్రౌ నేగెలే. వినడానికి బాగుందని."

ఆవిడ వచ్చి మా టేబుల్‌కు ఆనుకుని నిలబడింది. డబ్బాలోంచి ఒక ముక్క తీసుకుని కొరికింది. జర్మన్లు చిన్న ముక్కతో మొదలుపెడతారు, ఈవిడ పెద్దదే తీసింది.

"అయితే నాకోసం మొదటి నుంచి చదవండి" అంది.

గీతిక కళ్ళు తుడుచుకుని, తేదీ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.